రాజు కడిగిన పాదాలు

పేలు లేని ముష్టివాణ్ణి ఆమొరి తన జన్మలో చూడలేదు.

అందుకే మఠం వస్త్రాల గదిలో నేల మీద గొంతుక్కూర్చుని, చింకిపాతల కుప్పలోంచి తీసిన ఒక అంగీని మూడోసారి కిటికీ వెలుగుకి పట్టి చూస్తున్నాడు. మిగతా గుడ్డలకి వంక పెట్టడానికి లేదు. కుట్ల వెంట ఈపులు బారులు తీరి ఉన్నాయి, ముట్టుకుంటే చాలు మోచేతుల దాకా దురద. ఇదీ చింకిదే. అంచున మట్టి, మెడ దగ్గర జిడ్డు, మోచేతుల దగ్గర చిరుగులు. కానీ కుట్లు కడిగినట్టున్నాయి. చిరుగులు కూడా వాడగా వాడగా పడ్డవి కావు, ఎవరో కత్తితో కోసి చేసినవి.

నిన్న పవిత్ర గురువారం. ఏటా చేసినట్టే రాజు ఎవ్రార్ పక్క హాల్లో పదముగ్గురు పేదల కాళ్ళు కడిగాడు. ఆ సమయంలో తనూ, దానధర్మాలు చూసే ఫాదర్ ఫుల్కూ, ఆ పేదలూ తప్ప లోపల పురుగు కూడా ఉండకూడదని ఆయన నియమం. వినయానికి సాక్షులు ఎందుకట. సాక్షులు లేని చోట హత్య సులువని ఆ మహానుభావుడికి తట్టి ఉండదు. కాళ్ళు కడిగించుకున్నవాడు కడిగించుకున్నట్టు ఈ గదిలోకి వచ్చి, పాత గుడ్డలు విప్పేసి, ఫాదర్ ఫుల్క్ చేతి మీదుగా కొత్త అంగీ తొడుక్కుని వెనక తలుపున వెళ్ళిపోయాడు. చివరివాడు వెళ్ళాక ఫుల్క్ ఇక్కడే డొక్కలో కత్తిపోటుతో పడి ఉన్నాడు.

నేరం మాత్రం పన్నెండోవాడి నెత్తిన పడింది. వాడి పేరు పెరిన్, బుట్టలల్లుకుని బతికేవాడు. కొత్త అంగీ మురిపెంలో తన కత్తి పాత గుడ్డల్లో మరిచిపోయి, వీధి మలుపు దాకా పోయి వెనక్కి వచ్చాడు. వచ్చేసరికి ఫాదర్ నేల మీద ఉన్నాడు. లేవనెత్తబోతే చేతులు నెత్తురయ్యాయి. అదే సమయానికి మఠం వంటవాడు లోపలికొచ్చి గావుకేక పెట్టాడు. పెరిన్ భయంతో గుడిలోకి పరుగెత్తి బలిపీఠం పట్టుకున్నాడు. బలిపీఠం పట్టుకున్నవాణ్ణి రాజు కూడా ముట్టుకోవడానికి లేదు కాబట్టి నిన్నటి నుంచీ అక్కడే ఉన్నాడు.

“ఇంకా గుడ్డలు ఉతుకుతున్నావా ఆమొరీ?”

తలుపు దగ్గర ఆర్చ్‌డీకన్ లాంబెర్ నిలబడి ఉన్నాడు. బిషప్ తరఫున శ్రీసభ కోర్టు నడిపేది ఆయనే, రాజుగారు ఒప్పుకునే పాపాలు చెవిన వేసుకునేది ఆయనే. గుడ్ ఫ్రైడే నాడు ఊరంతా రొట్టెముక్కా మంచినీళ్ళతో సరిపెట్టుకుని నీరసంగా తిరుగుతుంటే ఈయన చెంపలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. కడుపు నకనకలాడుతున్న ఆమొరికి ఆ నిగనిగ చూస్తేనే ఒళ్ళు మండింది.

“ఉతికే పని ఎవరో ముందే చేసిపెట్టారు అయ్యగారూ. చూడండి, వెతికినా ఒక్క పేను లేదు.”

“పండగ పూట రాజుగారి విచారణాధికారి పేలు ఏరుతున్నాడు. నీకు తగిన ఉద్యోగమే దొరికింది.”

“మీరు హంతకుడంటున్నవాడి కత్తి చూశారా?” ఆమొరి ఒక చిన్న కత్తి ముందుకు చాపాడు. దాని మొన లోపలికి వంకీ తిరిగి ఉంది. “బుట్టల పుల్లలు కోసే కత్తి. దీంతో పొడిస్తే దిగదు, చీరుకుపోతుంది. ఫాదర్ గాయం సన్నంగా, తిన్నగా ఉంది.”

“ఇంకో కత్తి ఉండి ఉంటుంది.”

“ఒక్కపూట కూడుకి లేనివాడికి రెండు కత్తులా? సరే, ఉన్నాయే అనుకుందాం. పొడిచినవాడు వెనక తలుపున తప్పించుకుపోయి, పనిగట్టుకుని వెనక్కి వచ్చి, శవాన్ని కావలించుకుని కూర్చుంటాడా?”

“సాతాను పట్టినవాడు ఏదైనా చేస్తాడు.”

“అయితే కేసు సాతాను మీద రాయండి. పెరిన్‌ని వదిలేయండి.”

ఆర్చ్‌డీకన్ పెదాలు బిగించాడు. ఆమొరి లేచి, చేతిలో మడిచి పట్టుకున్న గుడ్డపీలిక విప్పి ఆయన ముక్కు కింద పెట్టాడు. అందులో గోరంత మైనం ముక్క ఉంది. ఒక పక్క ఎర్రగా ఉంది.

“ఫాదర్ ఫుల్క్ గోళ్ళ కింద ఇరుక్కుని దొరికింది. నెత్తురనుకున్నాను. నెత్తురైతే ఈపాటికి నల్లబడాలి. ఇది ఇంకా గులాబీ పువ్వులా ఉంది. రంగు కలిపిన ద్రాక్షసారా. ఇదేమిటో మీకేమన్నా తెలుసా?”

“మఠంలో మైనం దొరకడం వింతా?” అన్నాడు లాంబెర్. కానీ ఆ మాట అనడానికి ఆయనకి కాస్త ఎక్కువ సేపు పట్టింది. “విను. మఠంలో గురువు రక్తం చిందించినవాడికి బలిపీఠం దిక్కు కాదు. ఆ తీర్పు నేను రాసేశాను. ఇవాళ సిలువ ఆరాధన అయిపోగానే వాణ్ణి లాగి మీ ఉరికొయ్యకి అప్పగిస్తాను. శ్రీసభ నెత్తురు ముట్టదు కదా.”

“తీర్పు పుణ్యం మీకు, తాడు బిగించే పాపం మాకు.”

“రాజు అడ్డుపడితే ఈ రాజ్యంలో ఒక్క గుళ్ళో కూడా ఈస్టర్ గంట మోగదు. ఆ సంగతి ఆయనకి గుర్తు చెయ్.”

“ఆయన అడ్డుపడరు. గురువులకి అడ్డుపడడం ఆయనకి చేతకాదు,” అన్నాడు ఆమొరి. “అడ్డుపడేది నేను. నాకు గంటలు మోగకపోయినా నిద్ర పడుతుంది.”

లాంబెర్ వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

*

గుడిలో పెరిన్ బలిపీఠం రాతి కాలుకి రెండు చేతులూ చుట్టి కూర్చున్నాడు. కళ్ళు పీక్కుపోయాయి. నాలుగడుగుల దూరంలో ఆర్చ్‌డీకన్ మనుషులు ఇద్దరు బల్లెం కర్రలు ఒళ్ళో పెట్టుకుని, పిల్లి ఎలకని చూసినట్టు వాడి చేతుల్నే చూస్తున్నారు.

“నిద్రపోతున్నావా?” అన్నాడు ఆమొరి, పక్కన చతికిలబడి.

“ఎక్కడ దొరా. కన్నంటుకుంటే చెయ్యి జారుద్ది. జారితే ఈళ్ళు లాగేత్తారు. రాత్రి రెండుసార్లు జారబోయింది, నన్ను నేనే కొరుక్కున్నా.” మోచేతి మీద పళ్ళ గాట్లు చూపించాడు. “ఆ ఎర్రజుట్టోడైతే జోలపాట పాడతన్నాడు దొరా, నేను తూగుతానని.”

ఎర్రజుట్టు భటుడు పళ్ళికిలించాడు. ఆమొరి వాడి వైపు ఒక చూపు చూశాడు. వాడు పళ్ళు మూసుకున్నాడు.

“నిన్న నీ పక్కనున్నవాడు ఎవరు? పదమూడోవాడు.”

“తిబో అనుకున్నా. పేర్లు పిలిచేటప్పుడు తిబో అంటే వాడే పలికాడు. మొగాల మీద ముసుగులు కదా దొరా, ఎవరి మొగం ఎవరికీ కనపళ్ళేదు.”

ఆ తిబో సంగతి ఆమొరికి తెలుసు. పొద్దున వాణ్ణి ఒక గడ్డివాము వెనక పట్టుకున్నాడు. బుధవారం సాయంత్రం ఎవరో పుణ్యాత్ముడు చీకట్లో కూజాడు సారా చేతిలో పెట్టి పోయాడట. గురువారం ఎలా వచ్చిందో ఎలా పోయిందో వాడికి తెలియదు.

“వాడిలో ఏమైనా తేడా కనిపించిందా?”

పెరిన్ ఆలోచించాడు. “ఏడ్చాడు దొరా. రాజుగారు కాళ్ళు పట్టుకోంగానే ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. మాకూ కళ్ళల్లో నీళ్ళొచ్చినయ్ గానీ, అవి నీళ్ళు చల్లగా ఉండబట్టి. వాడిది అట్టా కాదు. లోపల్నించి వచ్చింది.” గొంతు తగ్గించాడు. “నన్ను ఉరి తీత్తారా దొరా?”

“ఈరోజు తీయనివ్వను.”

“రేపో?”

“ముందు ఈరోజు సంగతి చూడనీరా బాబూ,” అని లేచాడు ఆమొరి. వాడికి అంతకంటే పెద్ద మాట ఇవ్వలేకపోయినందుకు అతనికి సిగ్గేసింది.

*

రాజు ఎవ్రార్ తన చిన్న ప్రార్థన గదిలో చేతులు బారజాపి, రాతి నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. గుడ్ ఫ్రైడే నాడు సిలువ ఆరాధన దాకా ఆయన నోరు విప్పడని కోటలో అందరికీ తెలుసు. గురువుల ముందు ఎన్నడూ కూర్చోని రాజు. పల్లెటూరి పూజారి ఎదురైనా గుర్రం దిగి చేయి ముద్దుపెట్టుకునే రాజు. అలాంటి మనిషి మౌనాన్ని చెడగొట్టడానికి ఎవరికీ గుండె చాలదు. ఆమొరి లోపలికి వెళ్ళి ఆయన తల పక్కనే నేల మీద కూర్చున్నాడు.

“ప్రభూ, పదమూడోవాడి మొహం మీరు చూడలేదని తెలుసు. కాళ్ళు చూశారు కదా?”

రాజు నుదురు రాతికి ఇంకా గట్టిగా ఆనించాడు.

“చెప్పేదాకా నేనిక్కడినుంచి లేవను. నా కడుపులో చప్పుళ్ళు వింటూ మీరు ప్రార్థన చేసుకోవాలి.”

“ఈరోజు మౌనం ఆమొరీ,” అన్నాడు రాజు, నేలకేసి.

“అది ఇప్పుడే పోయింది. ఇంకో నాలుగు మాటలు కలిపినా పాపం ఒకటే.”

రాజు నిట్టూర్చాడు. “కొన్ని చెప్పకూడదు. ఒక మనిషి దాచుకున్న భక్తిని బయటపెడితే ఆ భక్తి ఫలం పోతుంది. అది దొంగతనం.”

ఆమొరి వెన్ను నిటారైంది. “నిన్న మీరు కడిగిన పన్నెండో కాళ్ళు గుర్తున్నాయా?”

“ఎడమ మడమ పగిలి ఉంది. కుడి బొటనవేలికి గోరు లేదు.”

“ఆ కాళ్ళకి పైన ఒక మనిషి ఉన్నాడు ప్రభూ. వాడి పేరు పెరిన్. నిద్రపోతే చేయి జారుతుందని తన చేతిని తనే కొరుక్కుంటున్నాడు. ఆరాధన అవగానే మీ ఉరికొయ్యకి వేలాడతాడు. మీరు ముద్దుపెట్టుకున్న కాళ్ళే గాల్లో కొట్టుకుంటాయి. మీరు ఎవరి భక్తిని కాపాడుతున్నారో నాకు తెలియదు గానీ, దాని ఖరీదు ఇది.”

రాజు మెల్లగా లేచి కూర్చుని, తన పాదాలు ముందుకు చాపాడు. పాదాల పైభాగంలో, వేళ్ళ కణుపుల మీద నల్లగా కాయలు కాచి ఉన్నాయి.

“మోకరించి పాదాలు వెనక్కి రాతి మీద వాల్చి గంటల తరబడి ప్రార్థన చేస్తే ఇక్కడ కాయలు కాస్తాయి. పేదవాళ్ళకి అరికాళ్ళలో ఉంటాయి, ఇక్కడ ఉండవు. మోకరించడానికి వాళ్ళకి తీరికెక్కడిది. కానీ నిన్న చివరివాడి పాదాలు నా పాదాల్లాగే ఉన్నాయి. నాకంటే ఎక్కువగా.” రాజు కాళ్ళు ముడుచుకున్నాడు. “ఎవరో మహాత్ముడు ముష్టివాడి వేషంలో వచ్చి నా ముందు తనని తాను తగ్గించుకుంటున్నాడనుకున్నాను. కాళ్ళు కడిగేవాడికంటే కడిగించుకునేవాడి వినయం పెద్దదైపోయింది. నాకు అసూయ వేసింది ఆమొరీ. రాత్రంతా ఆ అసూయకే ఏడ్చాను. అలాంటి పాదాలున్న మనిషి మీదికి అనుమానం పోనేలేదు.”

ఆమొరికి నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. హంతకుడి కాళ్ళు కడిగి, తుడిచి, ముద్దుపెట్టుకుని, పాపం అతని పుణ్యం చెడకూడదని నోరు కుట్టేసుకున్న రాజు ఈ భూమ్మీద ఇంకొకడు ఉండడు.

“ఇంకేం చూశారు?”

“పాదాల మీద చిన్న చిన్న తెల్ల మచ్చలు. పాతవి. చినుకులు పడ్డట్టు.”

“చెప్పుల్లో నిలబడి పెద్ద కొవ్వొత్తులు మోసేవాడి కాళ్ళ మీద మైనం పడి కాలిన మచ్చలు,” అన్నాడు ఆమొరి. అలా కొవ్వొత్తులు మోసే సన్యాసులు మఠంలో నలుగురున్నారు. “ఫుల్క్ మీతో ఏమైనా చెప్పాలన్నాడా?”

“కాళ్ళు కడగడం అయ్యాక ఏడ్చే మరియమ్మ గురించి ఒక మాట చెప్పాలన్నాడు.”

పండగ నాడు కొవ్వొత్తులు వెలిగించగానే మఠంలోని మరియమ్మ విగ్రహం కళ్ళ వెంట నెత్తురు కారుతుంది. అది చూసి కరిగిపోయిన రాజు ఈ ఈస్టర్‌కి నదిలోయ మొత్తం ఆ మందిరానికి ధారపోస్తానని మొక్కుకున్నాడు. మందిరం ఆర్చ్‌డీకన్ ఏలుబడిలో ఉంది. ఆమొరి గుడ్డపీలికలోని మైనం ముక్కని ఇంకోసారి వేలితో తడిమాడు.

“ఈ ముసుగులెక్కడివి ప్రభూ? పోయినేడు లేవు.”

రాజు తల ఇంకా కిందికి దించుకున్నాడు. “కాళ్ళు కడుగుతుంటే వాళ్ళు నన్ను చూసే చూపు నాకు తియ్యగా ఉంటోంది. అది గర్వం. ఈ వారం మొదట్లో, మట్టల ఆదివారం నాడు పాపసంకీర్తనంలో అదే ఒప్పుకున్నాను. ఈసారి వాళ్ళ మొహాలు చూడనని, ముసుగులు వేయిస్తానని అక్కడే మాటిచ్చాను. ఫుల్క్‌కి కూడా గురువారం పొద్దున్నే చెప్పాను. అప్పటికప్పుడు కుట్టించాడు.”

ఆమొరి నోరు తెరిచి మళ్ళీ మూసేశాడు. తిబోకి సారా అందింది బుధవారం. ముసుగులుంటాయని ముందే తెలియనివాడు ఇంకొకడి స్థానంలోకి దూరే ధైర్యం చేయడు. రాజు తన పాపం ఎవరి చెవిలో చెప్పుకున్నాడో కోటలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

“ఈరోజు సన్యాసులందరూ చెప్పులు విప్పి సిలువ దగ్గరికి పాకుతూ వస్తారు. మీరు పాదాలు చూడండి,” అన్నాడు చివరికి.

“క్రీస్తు సిలువ దగ్గర వల పన్నమంటావా?”

“ఆయన కూడా చేయని నేరానికే వేలాడాడు ప్రభూ. ఆయనేమీ అనుకోడు.”

రాజు మళ్ళీ నేల మీద బోర్లా పడుకున్నాడు. అది ఒప్పుకోవడమో వెళ్ళిపొమ్మనడమో ఆమొరికి అర్థం కాలేదు.

*

గుడి క్రిక్కిరిసి ఉంది. మెట్ల మీద దిండు పరిచి సిలువని వాల్చారు. పక్కన ఆర్చ్‌డీకన్ లాంబెర్ వెలిగించిన కొవ్వొత్తితో నిలబడ్డాడు. వెనక బలిపీఠం దగ్గర పెరిన్ తల వేలాడేసి తూగుతూ, ఉలిక్కిపడి లేస్తూ ఉన్నాడు. భటులిద్దరూ ముందుకు జరిగి కూర్చున్నారు.

రాజు అందరికంటే ముందు పాక్కుంటూ వచ్చి సిలువని ముద్దుపెట్టుకున్నాడు. తర్వాత లేవలేదు. పక్కకి జరిగి, నుదురు నేలకి ఆనించి అక్కడే ఉండిపోయాడు. సన్యాసులు ఒక్కొక్కరే వట్టి కాళ్ళతో ఆయన తల పక్కనుంచి పాకుతూ వెళ్ళారు. ముసలివాళ్ళు, కుర్రవాళ్ళు, లావువాళ్ళు. ఆమొరి స్తంభాన్ని ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. రాజు కళ్ళు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో ఇక్కడినుంచి తెలియడం లేదు.

మరియమ్మ మందిరం చూసుకునే బ్రదర్ గొంత్రాన్ వంతు వచ్చింది. బక్కపలచని మనిషి, నలభై దాటి ఉండవు. పాదాలు రెండూ చీలమండల దాకా గుడ్డతో చుట్టుకుని ఉన్నాడు.

“చలికి పుళ్ళు పడ్డాయి,” అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

రాజు చేయి కదిలింది. గొంత్రాన్ చీలమండని పట్టుకుంది.

“బ్రదర్,” అన్నాడు రాజు మెల్లగా. “పుళ్ళు కడగడం నా భాగ్యం. నిన్న మీ పాదాలు నాకిచ్చారు. ఈరోజూ ఇవ్వండి.”

గొంత్రాన్ బిగుసుకుపోయాడు. రాజు పాదసేవకి వస్తే కాదనే హక్కు ఏ సన్యాసికీ లేదు. రాజు మోకాళ్ళ మీద లేచి, ఒక్కొక్క చుట్టే గుడ్డ విప్పాడు. పుళ్ళు లేవు. కాయలున్నాయి, చినుకుల్లాంటి తెల్ల మచ్చలున్నాయి. రాజు వంగి ఆ పాదాన్ని ముద్దుపెట్టుకున్నాడు. కన్నీళ్ళు కారుతున్నాయి గానీ పట్టు సడలలేదు.

“ఫుల్క్‌ని ఎందుకు చంపారు బ్రదర్?”

ఆమొరి స్తంభం వదిలి ముందుకొచ్చాడు.

“నేను చెప్తాను. మరియమ్మ కళ్ళలో మైనం బిరడాలున్నాయి. లోపల రంగు సారా పోసి పెడతారు. పెద్ద కొవ్వొత్తులు దగ్గర పెడితే మైనం కరుగుతుంది, అమ్మ ఏడుస్తుంది. ఫుల్క్ ఒక బిరడా పీకాడు. రాజుకి చూపించడానికి చేతిలో పెట్టుకుని ఉన్నాడు. అందుకే చచ్చాడు.”

“ఆమె నిజంగానే ఏడుస్తోంది,” అన్నాడు గొంత్రాన్. “జనానికి కనపడదు, అంతే. కనపడేలా చేశాను. ఎంతమంది మారారో తెలుసా? ఎంతమంది తాగుడు మానారో తెలుసా? ఫుల్క్ అందరి ముందూ ఆమె కళ్ళు గీకి చూపిస్తానన్నాడు. ఆమె కళ్ళు.” అతను రాజు వైపు చూశాడు. “మీరు నా కాళ్ళు కడుగుతుంటే లేచి పారిపోదామనుకున్నాను ప్రభూ. లేవలేకపోయాను.”

“ఇక చాలు.” లాంబెర్ ముందుకొచ్చాడు. “ఇతను గురువుల మనిషి. ఇతని పాపం మా కోర్టు చూసుకుంటుంది. ప్రభూ, పాదం వదలండి.”

“నేను తీర్పు చెప్పడం లేదు తండ్రీ. పాదాలు పట్టుకున్నాను. అది మీరు నేర్పిందే.”

“వదలమంటున్నాను.”

“ముందు పెరిన్‌ని వదలమని మీ మనుషులకి చెప్పండి.”

రాజు నోట గురువుకి ఎదురుమాట రావడం ఆ గుళ్ళో ఎవరూ ఎన్నడూ వినలేదు. లాంబెర్ మొహం జేవురించింది. చేతిలోని కొవ్వొత్తి పైకెత్తాడు. దాన్ని నేలకేసి కొడితే వెలి. ఈస్టర్ లేదు, దివ్యప్రసాదం లేదు, చస్తే పూడ్చడానికి చోటు లేదు.

“మూడు లెక్కపెట్టేలోగా వదలకపోతే ఈ దీపంతోపాటు శ్రీసభలో నీ పేరు ఆరిపోతుంది ఎవ్రార్. ఒకటి.”

రాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్కపూట పూజ తప్పితే నిద్రపట్టని మనిషి ఆయన. ఆయన భయం చూసి ఆమొరికి జాలేసింది. దాంతోపాటే పట్టరాని కోపమూ వచ్చింది.

“రెండు అనేముందు ఒక చిన్న అనుమానం అయ్యగారూ,” అన్నాడు. “ముసుగులు వేయిస్తానని రాజుగారు గురువారం పొద్దున దాకా ఎవరికీ చెప్పలేదు. ఒక్క పాపసంకీర్తనంలో తప్ప. మరి తిబో స్థానంలో దూరొచ్చని బ్రదర్ గొంత్రాన్‌కి బుధవారమే ఎలా తెలిసింది?”

గొంత్రాన్ చూపు అప్రయత్నంగా లాంబెర్ మీదికి పోయి, వెంటనే నేల మీదికి దిగిపోయింది. కానీ ఆ చూపుని ముందు వరసలో ఉన్నవాళ్ళందరూ చూశారు. పాపసంకీర్తనంలో విన్నమాట బయటపెట్టిన గురువుకి శ్రీసభలోనే చోటు లేదు. వెలి వేసే అధికారం మాట దేవుడెరుగు.

రాజు తల ఎత్తాడు. ఇన్నేళ్ళలో ఆయన ఏ గురువు మొహంలోకీ సూటిగా చూసి ఎరగడు.

“నా పాపం దేవుడికి చెప్పుకున్నాను తండ్రీ,” అన్నాడు. “మీరు ఎవరికి చెప్పారు?”

లాంబెర్ కొవ్వొత్తి నేలకేసి కొట్టాడు. మంట చిట్లి ఆరిపోయింది. “ఎవ్రార్ ఈ క్షణం నుంచి క్రైస్తవుడు కాడు. వెలివేసినవాణ్ణి ముట్టుకున్నా పాపం లేదు. లేపండి వాణ్ణి. గొంత్రాన్‌ని నా దగ్గరికి తీసుకురండి.”

భటులిద్దరూ లేచారు. గుడి తలుపుల దగ్గర ఇంకో ఆరుగురు అడ్డంగా నిలబడ్డారు. ఆమొరి నడుము తడుముకున్నాడు. గుడిలోకి కత్తి తేకూడదని బయటే వదిలేసి వచ్చాడు. రాజు నిన్నటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, గొంత్రాన్ ఒక్కసారి గట్టిగా విదిలిస్తే ఆ పట్టు నిలవదు.

బలిపీఠం దగ్గర పెరిన్ చేతులు విప్పాడు. తిమ్మిరెక్కిన వేళ్ళని ఒక్కొక్కటే చాపుకుని, కాపలా లేని మెట్లు కుంటుకుంటూ దిగి వచ్చి, రాజు పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గొంత్రాన్ రెండో కాలిని రెండు చేతులా ఒడిసిపట్టాడు.

“ఇది నాకొదిలెయ్ దొరా,” అన్నాడు. “నిన్నట్నించీ పట్టుకోవడం నాకు బాగా అలవాటైపోయింది.”

ఎర్రజుట్టు భటుడు బల్లెం ఎత్తి వాళ్ళిద్దరి మీదికి వచ్చాడు. ఇద్దరిలో ఒక్కరూ పట్టు వదల్లేదు.